బెజవాడ ఎండ సంగతి షాపువాడికి తెలియదా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా అబ్బాయి బీటెక్ రెండో సంవత్సరం. వాడి పోరు పడలేక ఫిబ్రవరిలో విజయవాడలోని ఒక షాపులో గేమింగ్ కంప్యూటర్ అసెంబుల్ చేయించాను. ఇంటెల్ కోర్ ఐ7 14700కె ప్రాసెసర్, మొత్తం రూ.1,62,000 అయింది. మే నెల వచ్చేసరికి గేమ్ పెట్టిన పావుగంటకే ప్రాసెసర్ 100 డిగ్రీలు చూపిస్తోంది. ఆట నత్తనడకన సాగుతోంది, ఒక్కోసారి మొత్తం ఆగిపోతోంది. రెండుసార్లు షాపుకు మోసుకెళ్లాను. "ఎండాకాలం కదండీ, ఏసీ గదిలో పెట్టుకోండి" అంటున్నారు. మేం విప్పితే వారంటీ పోతుందట. బిల్లు మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అనీ, వివాదాలన్నీ విజయవాడ కోర్టుల్లోనే అనీ అచ్చు వేశారు. కొనేముందు వాట్సాప్‌లో పంపిన కొటేషన్‌లో 240 ఎంఎం లిక్విడ్ కూలర్ అని ఉంది. ఇప్పుడు చూస్తే లోపల ఉన్నది మామూలు ఫ్యాన్ కూలర్. అబ్బాయేమో తనే విప్పి, ప్రాసెసర్ వేడిని కూలర్‌కు అందించే పేస్టు మార్చేస్తానంటున్నాడు. కేసు వేయవచ్చా?

జవాబు: ముందు మీ అబ్బాయి చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకోండి.

ఎందుకంటున్నానో చెబుతాను. ఆ మధ్య ఒకాయన ఇలాంటి టెన్షన్‌తోనే నా దగ్గరకు వచ్చారు. వాళ్ల పిల్లాడు కూలర్ ఊడదీసి చూస్తే, దాని అడుగున "బిగించే ముందు తీసేయండి" అని రాసి ఉండే పల్చటి ప్లాస్టిక్ పొర అలాగే అంటుకుని ఉంది. ప్రాసెసర్‌కీ కూలర్ లోహానికీ మధ్య ఆ పొర ఉంటే వేడి పైకి ఎలా వస్తుంది? అసెంబుల్ చేసినవాడి తప్పు అంతకంటే స్పష్టంగా దొరకదు. కానీ పిల్లాడు ఆ పొరను పీకి చెత్తబుట్టలో వేశాడు, కొత్త పేస్టు రాశాడు, వేడి తగ్గింది. ఆ తర్వాత నా దగ్గరకు తెచ్చింది వాళ్ల మాట మాత్రమే. షాపువాళ్లు "మేం తీసే పంపాం" అన్నారు. మేం మొండిచెయ్యి చూసుకున్నాం. మీ కంప్యూటర్‌లో ఏముందో నాకు తెలియదు గానీ, ఏమున్నా అది బయటపడాల్సింది మీ ఇంట్లో కాదు.

ఇక అసలు సంగతి. 100 డిగ్రీలు చూపించడమే చట్టం దృష్టిలో లోపం అనుకోకండి. ఈ ప్రాసెసర్‌కు ఇంటెల్ పెట్టిన గరిష్ఠ హద్దే 100 డిగ్రీలు. అక్కడికి చేరగానే తన వేగాన్ని తనే తగ్గించుకుంటుంది. మీ అబ్బాయి ఆట నత్తనడక పట్టేది అందుకే. ఏఎండీ రైజెన్ 7000 రకాల్లో చాలావాటికి ఆ హద్దు 95. కాబట్టి "వంద దాటితే కాలిపోతుంది" అంటూ ఫిర్యాదు రాస్తే అవతలి వకీలు కంపెనీ కాగితం తీసి బల్ల మీద పెడతాడు. మీరు చెప్పాల్సింది వేరు. గేమ్ ఆడటానికే అని చెప్పి కొన్న యంత్రం పావుగంట కూడా నిలకడగా గేమ్ ఆడించలేకపోతోంది. లోపం అంటే అది.

షాపువాళ్ల ఎండ వాదనలో కొంత నిజం లేకపోలేదు. ఏ ఫ్యాన్ కూలరూ గది వేడి కంటే కిందకు ప్రాసెసర్‌ను చల్లబరచలేదు. గదిలో పది డిగ్రీలు పెరిగితే లోపల కూడా సుమారు అంతే పెరుగుతుంది. ఫిబ్రవరిలో 85 దగ్గర ఆడినది మే నెలలో 97కు పోవడం వింతేం కాదు. కానీ ఆ వాదనే వాళ్ల మెడకు చుట్టుకుంటుంది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు తన అవసరం చెప్పి అమ్మేవాడి నైపుణ్యాన్ని నమ్ముకున్నప్పుడు, సరుకు ఆ అవసరానికి తగినట్టు ఉండాలి. తెల్లవాళ్లే బ్లేజ్‌వాడ అని వెక్కిరించారని చెప్పుకునే ఊరిది. అక్కడ కంప్యూటర్లు అమ్మేవాళ్లకు రోహిణి కార్తె ఒకటి వస్తుందని తెలియదా? ఏసీ గది తప్పనిసరైతే ఆ ముక్క డబ్బు తీసుకునేటప్పుడే చెప్పాలి.

మీ చేతిలో ఉన్న అసలు ఆయుధం ఆ వాట్సాప్ కొటేషన్. 14700కె పూర్తి వేగంలో 253 వాట్ల దాకా లాగుతుంది. దీని పెట్టెలో కంపెనీ కూలర్ రాదు, విడిగా కొని బిగించాల్సిందే. 240 ఎంఎం లిక్విడ్ కూలర్ అని చెప్పి ఫ్యాన్ కూలర్ పెట్టారంటే ఎండతో పని లేదు, చెప్పింది ఒకటి ఇచ్చింది ఒకటి. బిల్లు తీసి చూడండి. అందులో కూలర్ పేరు, మోడల్ రాశారా, లేక "సీపీయూ కూలర్ 1" అని వదిలేశారా? చాలా షాపులు కావాలనే అలా వదిలేస్తాయి. అప్పుడు కొటేషనే దిక్కు. ఆ చాట్ డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి. ప్రింటు తీసి దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్, అంటే ఆ ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే పత్రం, జత చేయండి. వినియోగదారుల కమిషన్‌లో సాక్ష్యాల పట్టింపు సివిల్ కోర్టంత ఉండదు, అయినా ఎదుటివాళ్లకు సందు ఇవ్వడం దేనికి?

ఇంకో కోణం కూడా ఉంది. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్నింటికి వోల్టేజీ ఎక్కువై, గేములు మధ్యలో కూలిపోయే సమస్య వచ్చింది. కంపెనీయే 2024లో ఒప్పుకుని, బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందు నడిచే మూల సాఫ్ట్‌వేర్) ద్వారా సవరణలు ఇచ్చి, పెట్టెతో అమ్మిన వాటికి వారంటీని మరో 2 ఏళ్లు, అంటే మొత్తం 5 ఏళ్లకు పెంచింది. మీదీ ఆ తరానిదే. కాబట్టి తప్పు కూలర్‌దా, ప్రాసెసర్‌దా, పవర్ సప్లైదా అన్నది మీరు తేల్చకండి. ఫిర్యాదులో "ప్రాసెసర్ చెడిపోయింది" అని రాస్తే దాన్ని మీరే రుజువు చేయాలి. "గేమ్ పెట్టిన పావుగంటకు ఆగిపోతోంది" అని కళ్లకు కనిపించేది రాయండి. కారణం పరీక్షిస్తే గానీ తెలియదనుకుంటే కమిషనే వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద ల్యాబుకు పంపుతుంది. ఆ పరీక్ష ఖర్చు మాత్రం ముందు మీరు కట్టాలి. ప్రాసెసర్ పెట్టె మీ దగ్గర ఉందా అన్నది కూడా చూసుకోండి. పెట్టె లేకుండా విడిగా వచ్చే ట్రే సరుకు వేసి ఉంటే దాని వారంటీకి అమ్మినవాళ్లనే పట్టుకోవాలి. అందుకే ప్రతివాదులుగా షాపునూ, ఇంటెల్ కంపెనీనీ ఇద్దరినీ చేర్చండి. ఒకరి మీద ఒకరు తోసుకోవడం కమిషన్ ముందే జరగనివ్వండి.

ఈ వారంలో ఒక పని చేయండి. ఏ మధ్యాహ్నమో గేమ్ పెట్టి, ఆపకుండా ఒకే వీడియో తీయండి. మొదట బిల్లు, క్యాబినెట్ మీది సీరియల్ నంబరు, గోడకు తగిలించిన గది థర్మామీటరు, ఆ తర్వాత తెర మీద పెరుగుతున్న అంకె, చివర ఆగిపోవడం, అన్నీ అందులో పడాలి. ఈసారి షాపుకు తీసుకెళ్తే జాబ్ షీట్ లేకుండా వదిలి రాకండి. అందులో ఫిర్యాదు ఏమిటో, లోపలి భాగాల నంబర్లు ఏమిటో రాయించుకోండి. ఊరికే నోటిమాటగా "చూసి పంపిస్తాం" అంటే మళ్లీ మోసుకుని ఇంటికి తెచ్చేయండి.

బిల్లు మీది అచ్చుకు భయపడనక్కర్లేదు. లోపం ఉన్న సరుకును "వాపసు లేదు" అన్న స్టాంపు కాపాడదు. అలా నిరాకరించడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి కూడా, కాకపోతే ఆ నిబంధనకు గడువు బిల్లులో రాసినన్ని రోజులు, ఏమీ రాయకపోతే 30 రోజులు. అది మీకు దాటిపోయింది. అయినా లోపం మీద ఫిర్యాదుకు 2 ఏళ్ల గడువు ఉంది. విజయవాడ కోర్టులే అన్న ముక్క కూడా అంతే. 34వ సెక్షన్ ఫిర్యాదుదారు నివసించే చోట కేసు వేసుకోవచ్చంటోంది. మీరు గుంటూరు జిల్లా కమిషన్‌లోనే వేయండి. ఈసారి కృష్ణ దాటి రావడం వాళ్ల వంతు.

మీరు చెల్లించింది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. వకీలు కూడా తప్పనిసరి కాదు, నా వృత్తికి నష్టమైనా చెబుతున్నాను. బిల్లు మీ పేరున ఉంది గనుక ఫిర్యాదుదారు మీరే, వాడేది అబ్బాయైనా ఇబ్బంది లేదు. వాడు వీడియోలు ఎడిట్ చేసి నాలుగు డబ్బులు సంపాదిస్తుంటే మాత్రం ముందే చెప్పండి. "ఇది వ్యాపారం కోసం కొన్నది" అని వాళ్లు ఎత్తుకుంటారు. సొంతంగా పొట్టపోసుకోవడానికి వాడే దానికి చట్టంలో మినహాయింపు ఉంది, కానీ ఆ సంగతి మన నోట మొదట రావాలి.

కేసుకు ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915లో ఫిర్యాదు నమోదు చేయండి. చాలా షాపులు అక్కడే దిగివస్తాయి. దానితోపాటే రిజిస్టర్డ్ పోస్టులో 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. కొటేషన్‌లో చెప్పిన కూలర్ బిగించి, గేమ్ గంటసేపు ఆగకుండా నడిచేలా చేసి చూపాలి, లేదా డబ్బు తిరిగివ్వాలి అని రెండే అడగండి. కేసు పరీక్ష దాకా వెళ్తే 5 నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. నేను చూసినంతలో అంతకంటే ఎక్కువే పడుతుంది. కాబట్టి నోటీసుకే షాపువాళ్లు సరైన కూలర్ పెడతామంటే ఒప్పుకోండి. బిగించేటప్పుడు మీరు పక్కనే నిలబడండి, ఊడదీసిన పాత కూలర్ అడుగుభాగాన్ని మాత్రం ఫొటో తీసుకోండి.