గనుల పన్నుల వసూలు కోసం పేద దేశాలకు ధనిక దేశాలు చేసే సాయం ఎలాంటిది? యర్రగుంట్ల రాయల్టీకీ అదేనా?

ఆ సాయంలో ముఖ్యమైనది డబ్బు కాదు, లెక్కల్లో మోసం పట్టే నైపుణ్యం. మన కడప జిల్లా యర్రగుంట్లలో సిమెంటు కోసం తవ్వే సున్నపురాయి మీద ప్రభుత్వానికి కట్టే రాయల్టీకి దాని అవసరం పెద్దగా రాదు.

కంపెనీ తవ్విన ఖనిజాన్ని వేరే దేశంలోని తన సొంత కంపెనీకే తక్కువ ధరకు అమ్మినట్టు రాసుకుంటే పన్ను ఆవిరైపోతుంది. దాన్ని పట్టాలంటే చేయి తిరిగిన ఆడిటర్లు కావాలి, పేద దేశాల్లో వాళ్లే తక్కువ. చమురును, దాని ఆదాయాన్ని సంభాళించే నైపుణ్యం పంచేందుకు నార్వే 2005లో చమురున్న పేద దేశాల కోసం ఓ కార్యక్రమం పెట్టింది. ఆడిటర్ల లోటు తీర్చేందుకు 2015లో ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాలున్న కూటమి), యూఎన్‌డీపీ (ఐక్యరాజ్యసమితి అభివృద్ధి విభాగం) కలిసి అనుభవమున్న పన్ను ఆడిటర్లను పంపే పథకం మొదలుపెట్టాయి.

యర్రగుంట్లలో కథ వేరు. సిమెంటు సున్నపురాయికి 2014లో ఖరారైన రాయల్టీ టన్నుకు 80 రూపాయలు. 30 టన్నుల రాయి ఉన్న టిప్పర్ కాటా ఎక్కితే 2,400, ధరతో పనే లేదు. మోసమంటూ జరిగితే బరువులోనే. రాగి, బంగారాలకు విలువను బట్టి రాయల్టీ కాబట్టి మోసం కాగితం మీద జరుగుతుంది, కాటా దగ్గర కూర్చున్నవాడికి కనబడదు.

గనులు, చమురు రంగాల్లో పారదర్శకత కోసం ఈఐటీఐ అనే అంతర్జాతీయ ఏర్పాటు ఉంది. అందులో చేరితే పన్ను పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. కంపెనీ ఎంత కట్టింది, ప్రభుత్వానికి ఎంత ముట్టింది అన్నది బయటపెట్టించే ప్రమాణమే అది. రేటు పెట్టేది ఆ దేశ చట్టమే. భారత్ అందులో సభ్యదేశం కూడా కాదు.