డాలస్ ఎంత దూరమో తర్వాత, ముందు టికెట్ ఒకటేనా చూడు

దేవరకొండ నుంచి ఒక తమ్ముడు అడిగింది ఇది: ఆగస్టులో డాలస్ పోతున్నా, శంషాబాద్ నుంచి ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు, ముంబై దాకా వేరే టికెట్ తీసుకుంటే పదకొండు వేలు తగ్గుతోంది, తీసుకోమంటారా అని.

దూరం నేరుగా కొలిస్తే దాదాపు 14,400 కిలోమీటర్లు, దుబాయ్ మీదుగా అయితే 15,500 దాకా. హైదరాబాద్ నుంచి అమెరికాకు మధ్యలో ఆగకుండా పోయే ఫ్లైట్ లేదు. దుబాయ్‌కి సుమారు 4 గంటలు, అక్కడి నుంచి డాలస్‌కు 16. టికెట్ మీద తెల్లవారుజామున 4:20కి ఎక్కి అదే రోజు సాయంత్రం 4కి దిగుతావని ఉంటే పన్నెండు గంటలే కదా అని మురిసిపోకు, ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. ఆగస్టులో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, అంటే మొత్తం 22 గంటల 10 నిమిషాలు. నేను ఈ లెక్క తప్పి మా నాయనకు పన్నెండు గంటలని చెప్పాను, ఆయన జడ్చర్ల బజారంతా చెప్పాడు, నా ఫోన్ రాక అమ్మ ఆ రాత్రి కంటిమీద కునుకు వేయలేదు.

ఇక నీ పదకొండు వేలు. నేను కక్కుర్తి పడింది తొమ్మిది వేలకు.

2014 జనవరి. ఢిల్లీ దాకా ఒక టికెట్, అక్కడి నుంచి ఇంకోటి. అమెరికా టికెట్ మీద రెండు పెట్టెలు, 46 కిలోలు రాసుంది కదా అని మామిడికాయ తొక్కు, కారప్పొడి, సకినాలు అన్నీ కుక్కుకొని శంషాబాద్ పోతే, ఢిల్లీ టికెట్‌కు పదిహేను కిలోలే అన్నారు. మిగతా 31 కిలోలకు కిలోకు 250 చొప్పున 7,750 రూపాయలు. నన్ను సాగనంపడానికి రెండు సుమోల్లో వచ్చిన చుట్టాలు బయటే ఉన్నారు, గాజు అద్దం అవతల చేతులూపుతున్నారు, లోపల నేను బావ ఇచ్చిన కార్డు గీకుతున్నాను.

అంతటితో అయిందా? ఢిల్లీలో పొగమంచు, మా విమానాన్ని జైపూర్‌లో దింపారు. ఢిల్లీ చేరేసరికి రెండోది వెళ్లిపోయింది. ఒకే టికెట్ అయితే తర్వాతి ఫ్లైట్‌లో వాళ్లే ఎక్కించేవాళ్లు, రెండు టికెట్లు గనక నువ్వెవరో మాకు తెలియదన్నట్టు మాట్లాడారు. కొత్త టికెట్ 38,000. నాయనకు ఫోన్ చేస్తే ఒక్కటే అడిగాడు, "ఎంత గావాలె?" అని. అవి పల్లికాయ అమ్మిన పైసలని నాకు తెలుసు.

నీది ముంబై, అదీ ఆగస్టు, వాన సంగతి నీకు చెప్పక్కర్లేదు. ఐ-20, అదే అమెరికా కాలేజీ పంపే అడ్మిషన్ కాగితం, చేతిసంచిలో పెట్టుకో, కస్టమ్స్ రూల్స్ వాళ్ల సైట్‌లో చదువుకో, మీకు ఫోన్లోనే అన్నీ దొరుకుతాయి, మా అప్పుడు ఎవరున్నారు చెప్పడానికి. కొనేముందు మాత్రం పీఎన్ఆర్, అంటే బుకింగ్ నంబరు, మొత్తం ప్రయాణానికి ఒకటేనా, లగేజీ శంషాబాద్ నుంచే రెండు పెట్టెలా, ఈ రెండూ చూడు. ఇప్పటికీ నేను ఊరికి వస్తున్నానంటే నాయన ఏ రోజు అని అడగడు, "టికెట్ ఒకటేనా?" అంటాడు.