ఉపవాసంలో ఏసీసీ ఆన్ అవుతుందా? మీ లెక్క తప్పింది అక్కడే

ఉపవాసంలో ఎంజైములకు ఫాస్ఫేట్ చేరుతుంది కాబట్టి కొవ్వు తయారుచేసే ఏసీసీ కూడా ఆన్ అవుతుందని బొమ్మ గీసి, సరేనా అని అడిగారు. ఫాస్ఫేట్ చేరితే ఏ ఎంజైమైనా ఆన్ అవుతుందని అనుకున్నట్టున్నారు. అందుకే ఉపవాసంలో కొవ్వు ఒక పక్క కరుగుతూ, ఇంకో పక్క తయారవుతూ ఉన్నట్టు మీ బొమ్మ వచ్చింది. ఇలా సరిచేయండి.

1. కొవ్వు కణంలో హార్మోన్ సెన్సిటివ్ లైపేజ్, అంటే నిల్వ కొవ్వును కరిగించే ఎంజైమ్: ఫాస్ఫేట్ చేరితే ఆన్. ఫ్యాటీ ఆసిడ్లు రక్తంలోకి వస్తాయి.

2. కాలేయంలో అసిటైల్ కోఏ కార్బాక్సిలేజ్, అంటే మీరు రాసిన ఏసీసీ: ఫాస్ఫేట్ చేరితే ఆఫ్, కొవ్వు తయారీ ఆగుతుంది.

3. అందరూ వదిలేసేది ఇదే. ఏసీసీ తయారుచేసే మలోనైల్ కోఏ కొవ్వు తయారీకి ముడిసరుకు మాత్రమే కాదు, కొవ్వు మండే చోటైన మైటోకాండ్రియా గుమ్మంలో ఉండి ఫ్యాటీ ఆసిడ్లను లోపలికి పంపే ఎంజైమ్ సీపీటీ1కి తాళం కూడా. అది ఎక్కువుంటే పొడవాటి ఫ్యాటీ ఆసిడ్లు లోపలికి పోలేవు, మండవు. బొమ్మలో మలోనైల్ కోఏ నుంచి సీపీటీ1కి ఒక అడ్డుగీత గీయండి, సగం చిక్కు విడిపోతుంది. నేనూ ఇంటర్నల్స్‌లో ఈ గీత మరిచి రెండు మార్కులు పోగొట్టుకున్నా.

పొద్దున్నే కర్నూల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నారనుకోండి. ఇన్సులిన్ పెరుగుతుంది, ఏసీసీ మీది ఫాస్ఫేట్ ఊడుతుంది, మలోనైల్ కోఏ పెరుగుతుంది, సీపీటీ1 మూతపడుతుంది. ఏకాదశి ఉపవాసం ఉంటే ఇన్సులిన్‌కి ఎదురుగా పనిచేసే హార్మోన్ గ్లూకగాన్ పెరిగి ఇదంతా తిరగబడుతుంది.

4. కండరం గురించి అడిగితే గ్లూకగాన్ రాయకండి. అక్కడ శక్తి తగ్గినప్పుడు ఏసీసీకి ఫాస్ఫేట్ తగిలించేది ఏఎంపీకే (AMPK) అనే ఎంజైమ్.