రిజర్వేషన్ లేని చోట మా అమ్మాయికి న్యాయం జరుగుతుందా?

ప్రశ్న: మాది ఆదోని. జిన్నింగ్ మిల్లులో గుమాస్తాగా చేస్తున్నాను. బీసీలం. పెద్దమ్మాయి సర్కారు బడిలో చదివి ఇప్పుడు ఇంటర్ మొదటి ఏడు, ఎంపీసీ. ఇంగ్లిష్ అంతంత మాత్రం. సైన్యంలో ఆఫీసర్ కావడానికి ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష రాస్తానని పట్టుబట్టింది. అక్కడ రిజర్వేషన్లు ఉండవు, ఆఫీసర్ల పిల్లలనే తీసుకుంటారు అని మిల్లులో అందరూ అంటున్నారు. మాలాంటోళ్ళ పిల్లని న్యాయంగా చూస్తారా? చిన్నోడు ఐదో తరగతి.

జవాబు: అన్నా, మిల్లులో వాళ్ళు చెప్పింది సగం నిజం. ఎన్‌డీఏ సీట్లలో కుల రిజర్వేషన్ లేదు. ఎస్సీ, ఎస్టీలకు, ఆడపిల్లలకు పరీక్ష ఫీజు ఉండదు, అంతే. రాతపరీక్ష 900 మార్కులకు యూపీఎస్సీ పెడుతుంది. లెక్కలు 300, మిగతా 600 ఇంగ్లిష్, జనరల్ నాలెడ్జ్. ఆ పేపరు దిద్దేటప్పుడు మీరెవరో, మీ కులమేంటో ఎవరికీ పట్టదు. పేపరు మాత్రం ఇంగ్లిష్‌లో, హిందీలో ఉంటుంది, తెలుగులో ఉండదు. నన్నడిగితే మన పిల్లలకు మొదటి దెబ్బ ఇక్కడే.

ఆ తర్వాత ఎస్‌ఎస్‌బీ, అంటే సైన్యానికి ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డు పెట్టే పరీక్షలు, ఇంటర్వ్యూ. ఇంకో 900 మార్కులు, ఐదు రోజులు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు రైలు ఛార్జీలు ఇస్తారు. అక్కడ ఛాతీ మీద నంబరు కట్టుకుని తిరగాలి, పిలిచేది ఆ నంబరుతోనే. మొదటి రోజే తెర మీద మసకమసకగా ఒక బొమ్మ చూపిస్తారు, 30 సెకన్లు. దాని మీద 4 నిమిషాల్లో కథ రాయాలి, తర్వాత గుంపులో కూర్చుని ఆ కథ చెప్పాలి. సైకాలజిస్టు, గ్రౌండ్ పరీక్షలు పెట్టే ఆఫీసరు, ఇంటర్వ్యూ ఆఫీసరు ముగ్గురూ ఎవరికి వాళ్ళు మార్కులు వేసుకుని చివరి రోజు కలుస్తారు. ఒక్కరి దగ్గర పలుకుబడి ఉన్నా పని జరగకూడదనే ఈ ఏర్పాటు.

మరి ఆఫీసర్ల పిల్లలు ఎక్కువగా ఎందుకు కనిపిస్తారంటారా? సిఫారసుతో కాదు. పది మందిలో లేచి మాట్లాడటం వాళ్ళకు చిన్నప్పటి నుంచి అలవాటు. మన పిల్లలు తెలిసినా తల దించుకుని కూర్చుంటారు. తలుపు అందరికీ తెరిచే ఉంది, కానీ అక్కడిదాకా వచ్చే దారి అందరికీ ఒకటి కాదు.

ఇంటర్వ్యూకి ముందు నింపే ఫారంలో నాన్న పని, ఆదాయం రాయాలి. గుమాస్తా అని రాయడానికి మీ అమ్మాయి సిగ్గుపడనక్కర్లేదు. ఆదోని యార్డుకి పత్తి బండి వచ్చిన దగ్గర్నుంచి వేలం, తూకం, రైతు చేతికి డబ్బు ఎలా జరుగుతాయో ఆ అమ్మాయి గడగడా చెప్పగలిగితే, అది ఏ కోచింగ్‌లోనూ దొరకని సరుకు. వేలం నడిచే ఒక రోజు మీతో యార్డుకి తీసుకెళ్ళి చూపించండి. పనిలో పనిగా అక్కడ చూసింది రాత్రికి ఇంగ్లిష్‌లో అరపేజీ రాయమనండి. తప్పులు పడనీయండి.

నాకు అన్యాయంగా కనిపించేది వేరే ఉంది. 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పేదాకా ఆడపిల్లలకు ఈ పరీక్షే లేదు. 2022లో చేరిన మొదటి బ్యాచ్ నుంచి 17 మంది 2025 మే 30న ఖడక్‌వాస్లాలోని ఆ అకాడమీలో పాసవుట్ అయ్యారు. ఇన్ని జరిగినా, ఇటీవలి నోటిఫికేషన్లు చూస్తే ఆర్మీకి ఉన్న 208 సీట్లలో ఆడపిల్లలవి 10 మాత్రమే. అంటే మీ అమ్మాయి పోటీ అబ్బాయిలతో కాదు, ఆడపిల్లలకు పెట్టిన ఆ కొద్ది సీట్ల కోసం దేశమంతటి నుంచి వచ్చే అమ్మాయిలతో. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆర్మీ న్యాయ విభాగం నియామకాల్లో మగవాళ్ళకు ఎక్కువ, ఆడవాళ్ళకు తక్కువ అని పోస్టులు పంచడాన్ని కొట్టేసింది. అది ఎన్‌డీఏ తీర్పు కాదు కాబట్టి దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

అందుకే రాయనివ్వండి, కానీ ఇదొక్కటే పెట్టుకోవద్దు. లెక్కలు, ఫిజిక్సు ఎలాగూ ఈఏపీసెట్‌కీ పనికొస్తాయి, అదనంగా చదవాల్సింది ఇంగ్లిష్, జనరల్ నాలెడ్జ్. రెండో ఏడు చదువుతూనే అప్లై చేయొచ్చు, ఏటా రెండుసార్లు పరీక్ష ఉంటుంది. వయసు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర మధ్య ఉండాలి కాబట్టి పదో తరగతి మెమోలో పుట్టిన తేదీ ఇప్పుడే చూసుకోండి. సీటు గ్యారంటీ అని లక్షలు అడిగే కోచింగ్ జోలికి పోవద్దు. అప్పు చేసి కట్టి, పిల్లకి టెన్షన్ మిగిల్చుకున్న ఇళ్ళు నేను చూశాను. సీటొస్తే అకాడమీలో శిక్షణ ఖర్చు ప్రభుత్వానిదే.

ఇక చిన్నోడి సంగతి. ఎన్‌డీఏకి పిల్లల్ని తయారుచేసే సైనిక్ స్కూల్లో ఆరో తరగతికి ప్రవేశ పరీక్ష తెలుగులోనే రాయొచ్చు, తొమ్మిదో తరగతికైతే ఇంగ్లిష్ తప్పదు. అక్కడ 2021-22 నుంచి ఓబీసీలకు 27 శాతం సీట్లున్నాయి. మన రాష్ట్రంలో కలికిరిలో సైనిక్ స్కూల్ ఉంది, మీకు కాస్త దూరమే. క్రీమీలేయర్ (బాగా ఉన్న బీసీల వర్గం) కాదని చూపే ఓబీసీ సర్టిఫికెట్ కోసం ఈ వారమే సచివాలయంలో అర్జీ పెట్టండి.