పాత ఏరియల్ ఫోటోల్లో యుద్ధకాలపు సైనిక స్థావరాలను గుర్తుపట్టాలంటే ముందు దారిని చూడండి

నెల్లూరు, ప్రకాశం వైపు రెండో ప్రపంచ యుద్ధంలో వేసిన తాత్కాలిక సైనిక స్థావరాలను పాత ఏరియల్ ఫోటోల్లో గుర్తుపట్టగలమా అని ఒకరు అడిగారు. తప్పకుండా గుర్తుపట్టవచ్చు. కానీ గుండ్రటి మచ్చ కనిపించగానే ఫిరంగి గుంట అనేసే పద్ధతిలో మాత్రం జన్మలో కుదరదు. సర్వే శాఖలో పనిచేసి, గొలుసు పట్టుకుని పొలం గట్ల మీద తిరిగి రిటైరైన మనిషిగా చెబుతున్నాను.

కందుకూరు దగ్గర మా అత్తగారి ఊళ్లో జరిగిన సంగతి వినండి. మా బావమరిది కొడుకు ఒక కొరోనా ఫోటో సంపాదించాడు. అమెరికా గూఢచారి ఉపగ్రహాలు 1960 నుంచి 1972 వరకు తీసిన ఫిల్ములివి. 1995లో వీటిని బయటపెట్టారు, ఇప్పుడు ఎవరైనా తెప్పించుకోవచ్చు. ఊరికి పడమర నాలుగు తెల్లటి వలయాలు, ఇంచుమించు విల్లు వంపులో కనిపించాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి కదా, ఆ భయంతోనే ఇక్కడ విమాన విధ్వంసక ఫిరంగులు పెట్టారని తేల్చేసి వాట్సాప్‌లో నలుగురికీ పంపేశాడు.

తొంభై దాటిన మా పెదమామగారు కళ్లజోడు సవరించుకుని, "ఇది ఏ నెలలో తీశారురా?" అని అడిగారు.

"ఫిబ్రవరిలో తాతయ్యా."

"అయితే అవి మన కళ్లాలు. జొన్నలు నూర్చేది అక్కడే. ఎద్దులు తిరిగి తిరిగి నేల తెల్లబడదా? పక్కన నల్లగా ఉన్నవి చొప్పవాములు."

వాడు ఒక పట్టాన ఒప్పుకోలేదు. కొలిచి చూడమన్నాను. బ్రిటన్‌లో దొరికిన భారీ ఫిరంగుల స్థావరాల్లో సాధారణంగా నాలుగు గుంటలు ఒకే కొలతలో ఉంటాయి, వాటి నడుమ ఆజ్ఞలిచ్చే గది ఉంటుంది, ప్రతి గుంటకూ బండి దారి ఉంటుంది. ఇక్కడ ఒక్కో వలయం ఒక్కో కొలత. నడుమ ఏమీ లేదు. దారులన్నీ ఎడ్లబండి బాటలోకే పోతున్నాయి.

అప్పుడు పెదమామగారు బొమ్మను దక్షిణానికి జరపమని, మెట్ట పొలంలో ఒకచోట వేలు పెట్టారు. "సైన్యం గుడారాలు వేసింది ఇక్కడ. లారీలు వచ్చేవి. మేం పిల్లలం దూరంగా నిలబడి చూసేవాళ్లం. కొన్నాళ్లుండి వెళ్లిపోయారు." అక్కడ వలయం లేదు, గుంట లేదు. రోడ్డు నుంచి గట్లను అడ్డంగా కోసుకుంటూ వెళ్లిన సన్నటి గీత ఒకటి ఉంది. చివర చిన్న చుట్టు తిరిగి మళ్లీ తనలోనే కలిసింది. నా మటుకు నాకు సందేహం లేదు, శిబిరం అదే.

పల్లె బాట ఎప్పుడూ చెరువుకో, బావికో, గుడికో, శ్మశానానికో పోతుంది. పరాయి వాడి గట్టు వస్తే పక్కకు తిరుగుతుంది. సైన్యానికి గట్టు లెక్క లేదు, కానీ లారీ వెనక్కి తిరగడానికి చోటు కావాలి. చక్రాల కింద గట్టిపడిన నేలలో ఎన్నో ఏళ్ల తరువాత కూడా పైరు పొట్టిగానే వస్తుంది, ఫోటోలో ఆ చార తెలిసిపోతుంది. ఇదంతా మెట్టలోనే. మాగాణిలో ఏటేటా దమ్ము చేసి చదును చేస్తారు కాబట్టి ఏ గుర్తూ నిలవదు.

ఆంగ్లేయులకు ఈ పని సులువు. యుద్ధం ముగియగానే వాళ్ల వైమానిక దళం ఇంచుమించు దేశాన్నంతా ఫోటోలు తీసిపెట్టింది, గుడారాల కింద గడ్డి చచ్చిన గుర్తులు కూడా అప్పటికి తాజాగానే ఉన్నాయి. మనకు చేతికందే కొరోనా ఫోటోలు యుద్ధం ముగిసిన పదిహేనేళ్లకు మొదలవుతాయి. మన దేశంలో తీసిన పాత ఏరియల్ ఫోటో కావాలంటే చాలాకాలం రక్షణ శాఖ అనుమతి కావలసి వచ్చేది. ఎనభై ఏళ్ల కిందటి గుడారం గుంటలో దాచడానికి ఏం మిగిలిందని? యుద్ధకాలంలో సైన్యం తీసుకున్న భూముల కాగితాల కోసం ఒక కార్యాలయానికి వెళితే చెదలు తినేశాయన్నారు. అడిగేవాడు లేక తిన్నాయి! వెతికేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోండి. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి అంతకుముందు నెల్లూరు జిల్లాలోనివే. పాత దస్త్రాలు ఆ పేరుతోనే అడగాలి.

యుద్ధకాలపు దొనకొండ విమానాశ్రయం గురించి అందరూ రాస్తారు. ఆ రన్‌వే ఆనవాలు ఈనాటి ఉపగ్రహ చిత్రంలోనే కనిపిస్తుంది, దాన్ని పట్టుకోవడం గొప్పేమీ కాదు.

మీరు మొదలుపెట్టాలంటే కోతలు అయిపోయిన నెలల ఫిల్ము ఎంచుకోండి, మెట్ట చేలు చాలావరకు ఖాళీగా ఉంటాయి, నేల మీద గీత కనిపిస్తుంది. నీడలు మీ వైపు పడేలా ఫోటోను తిప్పుకోండి, లేకపోతే గుంట గుట్టలా కనిపిస్తుంది. కనిపించిన చోటును ఇప్పటి నేల మీద సరిచూడాలనుకుంటే తీరం వదిలేసి మెట్టకు వెళ్లండి. తీరంలో మిగిలిందేమైనా ఉంటే రొయ్యల చెరువుల కింద పోయింది.