మా చిన్న ఊరికి మురుగునీటి ప్లాంటు కడుతున్నారు, నది నిజంగా బాగుపడుతుందా?

మీరు అడిగినవి రెండు: ప్లాంటు పక్కన కాపురం చేయగలమా, నది బాగుపడుతుందా అని. గోదావరి ఒడ్డున ఒక చిన్న మున్సిపాలిటీ ప్లాంటులో నాలుగేళ్లు షిఫ్ట్ ఆపరేటరుగా చేశాను, ఆ అనుభవంతో చెప్తున్నా.

ముందు వాసన సంగతి. మురుగు వచ్చి పడే సంపు దగ్గర, చెత్త ఆపే జాలీ దగ్గర వస్తుంది, అబద్ధం ఎందుకు. ఆ జాలీలో రోజూ షాంపూ ప్యాకెట్లు, గుట్కా కవర్లు, డైపర్లు, దసరా వెళ్లాక వారం పాటు బంతిపూల దండలు. కానీ లోపల గాలి కొట్టే ట్యాంకు సరిగ్గా నడుస్తుంటే అక్కడ తడిసిన మట్టి వాసనే వస్తుంది. కుళ్లిన గుడ్డు వాసన వచ్చిందా, గాలి అందట్లేదన్నమాట.

ఆ ట్యాంకులో పని చేసేది మందులు కాదు, బ్యాక్టీరియా. గాలి పీల్చుకుంటూ మురుగును తిని, గుత్తులు కట్టి, అడుక్కి దిగుతుంది. ప్రతి షిఫ్టులో ఒక లీటరు గాజు జాడీలో ఆ నీళ్లు పట్టి అరగంట కదపకుండా ఉంచేవాళ్లం. గోధుమరంగు బురద జాడీలో మూడో వంతుకు దిగి పైన నీళ్లు తేటపడితే నిశ్చింతగా టీ తాగొచ్చు. ఒకరోజు తెల్లవారుజామున చూస్తే జాడీ అంతా నలుపు, అరగంటైనా దిగదు. రాత్రి ఎవరో సెప్టిక్ ట్యాంకరు తెచ్చి మాకొచ్చే డ్రైన్‌లో ఒంపేసి పోయారు, దానికి తోడు మూడు గంటలు కరెంటు లేదు, జనరేటరుందిగానీ అందులో డీజిల్ లేదు, బిల్లు పాస్ కాలేదట! మళ్లీ దారికి రావడానికి పది రోజుల పైనే పట్టింది. అన్నాళ్లూ నదిలోకి పోయిందేంటో వేరే చెప్పాలా?

ఇక నది. ప్లాంటు దాకా వచ్చిన మురుగునే ప్లాంటు బాగుచేస్తుంది. మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లిస్తే అందులో 80 శాతం మురుగవుతుందని ఇంజినీర్ల లెక్క, అంటే 40 వేల జనాభాకి దాదాపు 43 లక్షల లీటర్లు. మా ప్లాంటు రోజుకు 50 లక్షల లీటర్లకి కట్టింది, వచ్చేది 20 లక్షలు దాటేది కాదు. చిన్న ఊళ్లలో ఇంటింటికీ అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ ఎక్కడుంది, ఏదో ఒక పెద్ద కాలువకి అడ్డుకట్ట వేసి ప్లాంటుకి మళ్లిస్తారు, అందులో కలవని సందులన్నీ నేరుగా నదికే. దేశమంతా ఇదే కథ. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 నివేదిక ప్రకారం పట్టణాల మురుగు 72,368 ఎంఎల్‌డీ (ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు), కట్టిన ప్లాంట్ల సామర్థ్యం 31,841, నిజంగా శుద్ధయ్యేది 20,236.

ఇంకోటి ఎవరూ చెప్పరు. 2017 నోటిఫికేషన్ ప్రకారం మనలాంటి ఊళ్ల ప్లాంటు నుంచి వచ్చే నీళ్లలో బీఓడీ, అంటే నీళ్లలో మిగిలిన మురుగును తినడానికి బ్యాక్టీరియాకి కావాల్సిన ఆక్సిజన్ కొలత, లీటరుకు 30 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. స్నానానికి పనికొచ్చే నదిలో 3 దాటకూడదు. అంటే అన్నీ సక్రమంగా నడిచినా ఆ నీళ్లు పలచబడటానికి నదిలో పారుదల కావాలి. ఎండాకాలం ఇసుక తేలిన పాయలో వదిలితే అక్కడ పారేదంతా ప్లాంటు నీళ్లే. అలాంటప్పుడు మొక్కలకో, పశుగ్రాసానికో ఇవ్వడం నయం.

కాబట్టి మీటింగు పెడితే ప్లాంటు ఎంత పెద్దదని అడక్కండి. ఏయే కాలువలు కలుపుతున్నారు, డీజిల్ డబ్బులు ఏ పద్దు నుంచి, ట్యాంకర్లు ఎక్కడ దింపుకోవాలి, ఇవి అడగండి. ట్యాంకరు వాళ్లని తిట్టి లాభం లేదు, ఒంపడానికి చోటు చూపించాలి. మా దగ్గర చివరికి ప్లాంటు ఆవరణలోనే వాళ్ల కోసం ఒక తొట్టి కట్టి, అందులోది కొంచెం కొంచెంగా కలపడం మొదలుపెట్టారు. ఆ తర్వాత నేనున్నన్నాళ్లూ నల్ల జాడీ ఒక్కసారే చూశా, అదీ డీజిల్ గొడవే.