బిగోనియా కాండం మీద వచ్చే బల్బిల్స్‌తో మొక్కలు పెంచవచ్చా? నాటినవి ఎందుకు కుళ్లిపోయాయి?

మొక్కలు తప్పకుండా వస్తాయి. బల్బిల్స్ అంటే కాండం మీద కట్టే బుల్లి దుంపలు. కోసిన వెంటనే నాటి రోజూ నీళ్లు పోశానని రాశారు, కుళ్లడానికి కారణం అదే. రాలే సమయానికి బల్బిల్ నిద్రావస్థలో ఉంటుంది. వేరు లేదు కాబట్టి నీళ్లు తాగదు, చుట్టూ ఉన్న తడి దాన్ని కుళ్లబెడుతుంది.

ముందు మీది ఏ జాతో చూసుకోండి. బల్బిల్స్ వేసేవి గ్రాండిస్, సదర్లాండియై, గ్రాసిలిస్ లాంటివి. పెద్ద ముద్దపూలు పూసే ట్యూబర్‌హైబ్రిడా రకాలు మామూలుగా వేయవు. వాటిని కొమ్మ కత్తిరింపులతోనో, మొగ్గ ఉండేలా కోసిన దుంప ముక్కలతోనో పెంచుకోవాలి.

పగటి పొద్దు తగ్గుతున్నప్పుడు ఆకు తొడిమ కాండాన్ని కలిసే పంగలో బల్బిల్స్ కడతాయి. పచ్చిగా ఉన్నవాటిని గిల్లొద్దు. వేలు తగలగానే ఊడి వచ్చేవే ముదిరినవి. ఒకదాన్ని దగ్గరగా పట్టుకుని చూడండి: ఒక కొసన చిన్న మొగ్గ, రెండో వైపు కాండానికి అతుక్కున్న మచ్చ కనిపిస్తాయి. నాటేటప్పుడు మొగ్గ పైకి ఉండాలి. ఏది పైనో తెలియకపోతే పక్కకు పడుకోబెట్టండి, మొలక తనే దారి చూసుకుంటుంది.

తర్వాత వాటికి చలి కావాలి. రెండు మూడు నెలలు 5 డిగ్రీల దగ్గర ఉంచితే నిద్ర వదిలి దాదాపు ఒకేసారి మొలుస్తాయి. జిప్ కవర్లో కాస్త వర్మిక్యులైట్ (తేమ పట్టి ఉంచే తేలికైన ఖనిజపు పలుకులు) వేసి, అందులో కలిపి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెట్టండి. ఫ్రీజర్లో పెడితే చచ్చిపోతాయి. వర్మిక్యులైట్ పిండితే చుక్క నీరు రాకూడదు, అలాగని పొడిపొడిగానూ ఉండకూడదు. ఇంత చిన్న బల్బిల్స్ పూర్తి పొడిలో ముడుచుకుపోతాయి. అప్పుడప్పుడు కవరు తెరిచి మెత్తబడినవాటిని తీసేయండి, ఒకటి కుళ్లితే పక్కవాటికీ అంటుకుంటుంది.

నాటడానికి అడుగున రంధ్రాలున్న ట్రే చాలు. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) రెండు పాళ్లు, పెర్లైట్ (నీరు నిలవనివ్వని తెల్లని తేలిక పలుకులు) ఒక పాలు. ఈ దశలో ఎరువు కలపవద్దు. మిశ్రమాన్ని ముందే తడిపి, నీరంతా దిగాక 3 సెంటీమీటర్ల ఎడంతో బల్బిల్స్‌ను పైపైన నొక్కి, 3 మిల్లీమీటర్ల మందాన అదే మిశ్రమం చల్లండి. లోతుగా పాతితే మొలక పైకి రాకముందే దానిలోని పిండి అయిపోతుంది. 18 నుంచి 21 డిగ్రీల వేడి, పైన పారదర్శకమైన మూత ఉండాలి. మూత రోజూ కాసేపు తీయండి. నీళ్లు అడుగు పళ్లెంలో పోసి, పీల్చుకున్నాక మిగిలింది పారబోయండి. కొన్ని మూడు వారాల్లో మొలిస్తే కొన్ని రెండు నెలలు తీసుకుంటాయి. గట్టిగా ఉన్నంతవరకు పారేయకండి.

చాలామంది పట్టించుకోనిది వెలుతురు. మొలిచాక రోజుకు 14 గంటలకు తగ్గకుండా వెలుతురు అందాలి. పొద్దు పొట్టిగా ఉంటే రెండు ఆకులు వేసి ఆగిపోయి మళ్లీ దుంప కట్టుకోవడం మొదలుపెడుతుంది, అప్పుడు ఎరువేసినా కదలదు. కాబట్టి పగళ్లు పెరిగే కాలంలో నాటండి, లేదా సాయంత్రాలు ఎల్‌ఈడీ దీపం పెట్టండి. నేరుగా మండుటెండ పడితే మాత్రం ఆకుల అంచులు మాడతాయి.

మూడు ఆకులు రాగానే 7 సెంటీమీటర్ల కుండీలోకి మార్చండి. ఒక్కసారే పెద్ద కుండీ వద్దు, వేళ్లు అందని మట్టి తడిగానే ఉండి మొదలు కుళ్లుతుంది. ద్రవ ఎరువు సగం మోతాదులో రెండు వారాలకోసారి వేస్తే సరిపోతుంది. కోకోపీట్ మీద చిన్న నల్ల ఈగలు ఎగురుతుంటే తడి ఎక్కువైనట్టే. వాటి పురుగులు లేత వేళ్లను తింటాయి, పై పొర ఆరనివ్వండి. సదర్లాండియైకి బూడిద తెగులు త్వరగా పడుతుంది, కుండీల మధ్య గాలి ఆడాలి.

మొదటి ఏడాది పూలు రాకపోయినా దిగులు పడకండి, చాలావరకు రెండో ఏడాదే పూస్తాయి. ఆకులు పసుపెక్కగానే నీళ్లు తగ్గించి, కాండాన్ని లాగకుండా దానంతట అదే ఊడేదాకా వదిలేయండి. లోపల తయారైన దుంపను కుండీలోనే చల్లని చోట ఉంచి, కొత్త మొగ్గ కనిపించాకే మళ్లీ నీళ్లు మొదలుపెట్టండి.